కంట్లో వరి ఆకు కోసుకుందా? నలుసు పడిందా? తొలి 24 గంటలే కీలకం.. గంగారం ఏజెన్సీలో ప్రతి ఇంటికీ తెలియాల్సిన విషయాలు

చేలో పని చేస్తుంటే వరి ఆకు అంచు కంట్లో తగులుతుంది. వడ్లు తూర్పారబడుతుంటే ఊక ఎగిరొచ్చి పడుతుంది. అడవిలో తునికాకు కోస్తుంటే కొమ్మ వెనక్కి కొడుతుంది. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, నలిపి, కొంగుతోనో తువ్వాలుతోనో తుడుచుకుని మళ్లీ పనిలో పడిపోతారు. "ఏముందిలే, పొద్దటికల్లా అదే తగ్గుతది" అనుకుంటారు.

నిజమే, చాలాసార్లు అదే తగ్గుతుంది. తగ్గని సందర్భాల్లోనే అసలు ముప్పు ఉంది. చిన్న గీతలోకి సూక్ష్మక్రిములు చేరితే రెండు మూడు రోజుల్లోనే అది పుండుగా మారుతుంది. పుండు మానినా తెల్లటి మచ్చ మిగిలిపోతుంది. ఊళ్లల్లో "కంట్లో పువ్వు పడింది" అనేది దీన్నే. ఆ మచ్చ కంటిపాపకు ఎదురుగా పడితే చూపు పోయినట్టే.

మహబూబాబాద్ జిల్లాలోని గంగారం లాంటి ఏజెన్సీ మండలాల్లో ఈ విషయం ఇంకా ముఖ్యం. 2016 జిల్లాల పునర్విభజనలో కొత్తగూడ నుంచి విడిపోయి ఏర్పడిన మండలం ఇది. మేడారం జాతరకు పగిడిద్దరాజు బయల్దేరే పూనుగొండ్ల ఈ ప్రాంతంలోనిదే. అడవి, పోడు భూములు, వరి, మక్క, పత్తి, మిర్చి.. ఇక్కడి బతుకంతా చేతి పనితోనే. కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే మాత్రం మండలం దాటాల్సిందే. అందుకే గాయమైన తొలి గంటల్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది ఇంట్లో వాళ్లకే తెలిసి ఉండాలి.

అసలు గాయం ఎక్కడ అవుతుంది?

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. దాన్నే కార్నియా అంటారు. సైన్స్ పుస్తకాల్లో శుక్లపటలం అని రాస్తారు. వెడల్పు 11 నుంచి 12 మిల్లీమీటర్లు. మధ్యలో మందం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. బయటి వెలుతురు కంట్లోకి వెళ్లేది ఈ పొర గుండానే.

కార్నియాలో రక్తనాళాలు ఉండవు. ఉంటే అది అద్దంలా కనిపించేది కాదు. దానికి కావాల్సిన ఆక్సిజన్ ఎక్కువగా కన్నీటి ద్వారా గాలి నుంచే అందుతుంది. నరాల చివర్లు మాత్రం కిక్కిరిసి ఉంటాయి. చర్మంతో పోలిస్తే కొన్ని వందల రెట్లు ఎక్కువ. అందుకే చిన్న ఇసుక రేణువు పడినా ప్రాణం పోయినంత పని అవుతుంది.

కార్నియా పైన పలుచటి చర్మం లాంటి పొర ఒకటి ఉంటుంది. ఐదు నుంచి ఏడు వరుసల కణాలతో, మిల్లీమీటరులో 20వ వంతు మందంలో ఉంటుంది. ఆకు అంచు, గోరు, ఊక, ఇసుక.. వీటితో గీసుకుపోయేది ముందుగా ఇదే. మంచి విషయం ఏంటంటే, ఈ పొర చాలా త్వరగా కోలుకుంటుంది. గాయం చుట్టూ ఉన్న కణాలు జరుగుతూ వచ్చి ఖాళీని మూసేస్తాయి. చిన్న గీతలైతే ఒకటి నుంచి మూడు రోజుల్లో మచ్చ కూడా లేకుండా మానిపోతాయి.

గాయం దాని కింది పొరల్లోకి దిగితే మాత్రం కథ మారుతుంది. అక్కడ మానే తీరు వేరు. అద్దం మీద గీత పడ్డట్టు మచ్చ ఉండిపోతుంది.

గీత నుంచి పుండు దాకా.. మధ్యలో ఏం జరుగుతుంది?

పై పొర చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం మామూలు క్రిములు లోపలికి పోలేవు. కన్నీళ్లు, రెప్పలు ఎప్పటికప్పుడు కడిగేస్తుంటాయి. గీత పడిందంటే తలుపు తెరిచినట్టే.

పట్నంలో కాగితం అంచో గోరో తగిలితే వచ్చే ముప్పు కంటే, పల్లెలో ఆకో పుల్లో తగిలితే వచ్చే ముప్పు ఎక్కువ. ఎందుకంటే ఆకుల మీద, మట్టిలో, కుళ్లిన గడ్డిలో శిలీంధ్రాలు, అంటే ఫంగస్ ఉంటుంది. ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే రకాలు మన ప్రాంతంలో ఎక్కువ. ఆకు గీసుకుపోవడంతో పాటే వాటి బీజాలు గాయంలోకి చేరతాయి.

హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వైద్యులు పదేళ్లకు పైగా తమ దగ్గరకొచ్చిన ఫంగస్ పుండ్ల కేసులను పరిశీలించి 2002లో వివరాలు ప్రచురించారు. మొత్తం 1,352 మంది రోగులు. అందులో 54 శాతం కళ్లకు ముందుగా ఏదో ఒక దెబ్బ తగిలింది. రోగుల్లో 962 మంది మగవాళ్లు, 390 మంది ఆడవాళ్లు. దాదాపు మూడింట రెండొంతుల మంది 16 నుంచి 49 ఏళ్ల లోపు వాళ్లే. అంటే ఇంటిని పోషించే వయసు. ఎండాకాలం కంటే వానాకాలం, చలికాలంలోనే కేసులు ఎక్కువగా వచ్చాయి. మన దగ్గర నాట్లు, కలుపు, కోతలు సాగే కాలం కూడా అదే.

దేశవ్యాప్తంగా చూసినా ఇదే సంగతి. 2015 నుంచి 2019 మధ్య కేంద్రం చేయించిన అంధత్వ సర్వేలో, 50 ఏళ్ల లోపు వాళ్లలో చూపు పోవడానికి మొదటి కారణం కార్నియా మచ్చలే అని తేలింది. ఆ వయసువారి అంధత్వంలో వాటి వాటా 37.5 శాతం. పెద్ద వయసులో శుక్లాలది మొదటి స్థానం. శుక్లానికి ఆపరేషన్ చేస్తే చూపు తిరిగొస్తుంది. కార్నియా మచ్చ అంత తేలిగ్గా పోదు.

18 గంటల లెక్క ఏంటి?

కంటి గీత విషయంలో సమయం ఎంత ముఖ్యమో చెప్పే అధ్యయనం ఒకటి నేపాల్‌లోని భక్తపూర్‌లో జరిగింది. ఫలితాలు 2001లో వచ్చాయి. ఊళ్లల్లోనే కొందరికి శిక్షణ ఇచ్చి, కంటికి దెబ్బ తగిలిన వాళ్లు వెంటనే వాళ్ల దగ్గరికి వచ్చేలా చేశారు. కార్నియా మీద గీత ఉందని తేలితే 1 శాతం క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్‌ను రోజుకు మూడుసార్లు, మూడు రోజుల పాటు పెట్టారు. ఇదేమీ ఖరీదైన మందు కాదు. సాధారణ యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్.

అలా 442 మందికి చికిత్స చేస్తే 424 మందికి ఇన్ఫెక్షన్ లేకుండా మానిపోయింది. అసలు విషయం గంటల లెక్కలో ఉంది.

- దెబ్బ తగిలిన 18 గంటల లోపు మందు మొదలుపెట్టిన 284 మందిలో ఒక్కరికీ పుండు పడలేదు.
- 18 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 109 మందిలో నలుగురికి పుండు పడింది.
- 24 నుంచి 48 గంటల మధ్య వచ్చిన 49 మందిలో 14 మందికి పుండు పడింది. అంటే ప్రతి వంద మందిలో దాదాపు 29 మందికి.

అదే మందు, అవే ఊళ్లు. ఎంత త్వరగా వచ్చారన్న దాన్ని బట్టే ఫలితం ఇంతలా మారిపోయింది. "రేపు చూద్దాంలే" అనే మాట ఖరీదు ఇదీ.

ఇక్కడ ఇంకో విషయం కూడా చెప్పుకోవాలి. తర్వాత నేపాల్‌లోనే ఇదే పద్ధతిని మరింత పెద్ద ఎత్తున పరీక్షించి 2022లో ఫలితాలు ప్రకటించారు. శిక్షణ పొందిన వలంటీర్లు ఉన్న ఊళ్లకు, లేని ఊళ్లకు మధ్య పుండ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఊళ్లో మందు ఉన్నంత మాత్రాన సరిపోదు. దెబ్బ తగిలిన మనిషి దాన్ని పట్టించుకుని సమయానికి ముందుకు రాకపోతే ఏ ఏర్పాటూ పనికిరాదు.

ఏ పనిలో ఏ ముప్పు?

ఏజెన్సీ పనుల్లో ఒక్కో కాలానికి ఒక్కో రకం ప్రమాదం ఉంటుంది.

- నాట్లు, కలుపు: వంగి పనిచేస్తుంటే వరి ఆకు మొన సరిగ్గా కంటి ఎత్తులోకే వస్తుంది. బురద చేత్తో కన్ను తుడుచుకోవడం మరో ప్రమాదం.
- కోతలు, నూర్పిడి: మెషిన్ దగ్గర, కల్లంలో ఊక, నూగు, దుమ్ము. వడ్ల గింజ మొన గుచ్చుకుని కార్నియాకు అతుక్కుపోయిన సందర్భాలూ ఉంటాయి.
- మక్క, పత్తి చేలు: మక్క ఆకు అంచు రంపంలా కోస్తుంది. పత్తి కట్టె పీకేటప్పుడు ఎండుపుల్ల ఎగిరి తగులుతుంది.
- మిర్చి: ఏరేటప్పుడు, కల్లంలో ఆరబోసేటప్పుడు ఘాటు చేతుల మీద ఉండిపోతుంది. ఆ చేత్తో కన్ను నలిపితే మంటకు ఇంకా నలుపుతారు. గీత పడేది అప్పుడే.
- తునికాకు, కట్టెలు, వెదురు: ముందు నడిచే మనిషి వదిలిన కొమ్మ వెనకున్న వాళ్ల ముఖానికి కొడుతుంది. కట్టెలు నరికేటప్పుడు పేళ్లు ఎగురుతాయి.
- బైక్ ప్రయాణం: సాయంత్రం పూట అడవి దారుల్లో పురుగులు నేరుగా కంట్లో పడతాయి.
- వెల్డింగ్, గ్రైండింగ్: ఇనుప రజను కంట్లో దిగబడితే ఒకట్రెండు రోజుల్లో చుట్టూ తుప్పు వలయం ఏర్పడుతుంది. అద్దాలు లేకుండా వెల్డింగ్ వెలుగు చూస్తే కొన్ని గంటల తర్వాత, చాలాసార్లు అర్ధరాత్రి, భరించలేని నొప్పి మొదలవుతుంది.
- పిల్లల ఆటలు: చిర్రగోనె, విల్లంబులు, పుల్లలు, దీపావళి పటాకులు. దెబ్బ తగిలినా తిడతారన్న భయంతో పిల్లలు చెప్పరు. ఒక కన్ను మూసుకుని తిరుగుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా అనుమానించాల్సిందే.

నలుసు పడితే ముందుగా ఏం చేయాలి?

1. కన్ను నలపొద్దు. ఎంత దురద పెట్టినా సరే. నలిపితే నలుసు కార్నియా మీద అటూ ఇటూ రాసుకుని గీతలు పెంచుతుంది.

2. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునే వాళ్లు దాన్ని తీసేయాలి. తగ్గేదాకా మళ్లీ పెట్టుకోవద్దు.

3. శుభ్రమైన తాగునీటితో కన్ను కడగాలి. కాచి చల్లార్చిన నీళ్లయితే ఇంకా మంచిది. చిన్న గ్లాసుతో మెల్లగా, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు ధారగా పోయాలి. కాలువ నీళ్లు, పొలం నీళ్లు అస్సలు వద్దు. వాటిలోనూ క్రిములు ఉంటాయి.

4. రెప్పలు చాలాసార్లు ఆర్పాలి. పై రెప్పను వెంట్రుకలతో పట్టుకుని కింది రెప్ప మీదికి మెల్లగా లాగి వదిలితే, పై రెప్ప కింద దాగిన నలుసు కన్నీళ్లతో జారి వచ్చే అవకాశం ఉంది.

5. నలుసు వచ్చేశాక గరగర పూర్తిగా పోయి, చూపు మామూలుగా ఉంటే సరే. నలుసు పోయినా గుచ్చుతున్నట్టే ఉందంటే గీత పడి ఉండొచ్చు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

నలుసు నల్లగుడ్డుకు అతుక్కుని కదలకుండా ఉంటే ఇంట్లో ఎవరూ తీయడానికి ప్రయత్నించకూడదు. నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఎండకు కన్ను తెరవలేకపోతే చలువ అద్దాలు పెట్టుకుని బయల్దేరడం మేలు.

ఈ పనులు అస్సలు చేయొద్దు

పల్లెల్లో తరతరాలుగా నడుస్తున్న కొన్ని పద్ధతులు మంచి ఉద్దేశంతోనే చేస్తున్నా కంటికి చేటు చేస్తాయి.

నాలుకతో నలుసు తీయించడం: నోట్లో లెక్కలేనన్ని బ్యాక్టీరియా ఉంటాయి. గీత పడిన కంటికి అవి నేరుగా అంటుకుంటాయి. బట్ట కొసతో, అగ్గిపుల్లతో, సూదితో తీయడం ఇంకా ప్రమాదం.

ఆకు పసరు, చనుబాలు, ఆముదం పోయడం: ఇవేవీ క్రిములు లేని మందులు కావు. పసరుతో పాటే ఫంగస్ కూడా గాయంలోకి వెళ్తుంది. కొన్ని పసర్లు వాటంతట అవే కార్నియాను కాలుస్తాయి.

మందుల షాపులో అడిగి డ్రాప్స్ తెచ్చుకోవడం: ఇది అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. ఎర్రకన్నుకు ఇచ్చే కొన్ని చుక్కల మందుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. వేసుకోగానే ఎరుపు, నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది. లోపల ఫంగస్ ఉంటే మాత్రం అది విజృంభిస్తుంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేర్లు సీసా మీద ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. డాక్టర్ చూసి రాస్తే తప్ప వేసుకోకూడదు. పక్కింటి వాళ్లకు రాసిన డ్రాప్స్, పోయినేడు వాడి దాచుకున్న సీసా కూడా వద్దు.

మొద్దుబారే చుక్కలు ఇంటికి తెచ్చుకోవడం: పరీక్ష చేసేటప్పుడు డాక్టర్లు నొప్పి తెలియకుండా ఒక చుక్క వేస్తారు. క్షణాల్లో హాయిగా ఉంటుంది. "ఆ మందే ఇవ్వండి సార్" అని అడిగేవాళ్లు ఉంటారు. కానీ అది పదే పదే వేస్తే గాయం మానదు సరికదా, కార్నియా దెబ్బతింటుంది. డాక్టర్లు ఇంటికి ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

కట్టు కట్టేయడం: ఒకప్పుడు కంటి గీతకు కట్టు కట్టేవాళ్లు. కోక్రేన్ సంస్థ 2016లో 12 అధ్యయనాలను కలిపి చూస్తే, మామూలు గీతలకు కట్టు వల్ల గాయం త్వరగా మానుతుందనడానికి గానీ నొప్పి తగ్గుతుందనడానికి గానీ ఆధారం దొరకలేదు. ఆకు, పుల్ల తగిలిన కంటికి అయితే కట్టు అసలే మంచిది కాదు. మూసిన కంట్లో వేడి, తడి క్రిములకు అనుకూలం. పుండు మొదలైనా పైకి కనబడదు.

సున్నం, పురుగు మందు, జిల్లేడు పాలు.. క్షణం ఆగొద్దు

రసాయనం పడితే లెక్క గంటల్లో కాదు, నిమిషాల్లో. ముందు కడగాలి, తర్వాతే ఆస్పత్రి, ప్రశ్నలు, ప్రయాణం.

తాంబూలంలోకి వాడే సున్నం ప్యాకెట్ పిల్లల చేతికి చిక్కితే నొక్కుతారు. అది చిట్లి కంట్లో పడుతుంది. సున్నం క్షార గుణం ఉన్నది. యాసిడ్ కంటే క్షారమే కంటికి ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది కణాల్లోని కొవ్వును కరిగిస్తూ లోపలికి దిగిపోతూనే ఉంటుంది. పైగా సున్నం ముద్దలు రెప్పల కింద ఇరుక్కుని అక్కడే ఉండి కాలుస్తుంటాయి.

పురుగు మందు, కలుపు మందు, బ్యాటరీ యాసిడ్, బాత్రూం క్లీనర్ ఏది పడినా చేయాల్సింది ఒకటే. దగ్గర్లో ఏ శుభ్రమైన నీళ్లుంటే వాటితో కన్ను తెరిచి పట్టుకుని కనీసం 15 నుంచి 30 నిమిషాలు ఆపకుండా కడగాలి. మనిషిని పక్కకు పడుకోబెట్టి, దెబ్బ తగిలిన కన్ను కిందికి ఉండేలా చూస్తే ఆ నీళ్లు రెండో కంట్లోకి పోవు. క్షారానికి విరుగుడుగా నిమ్మరసం, యాసిడ్‌కు సోడా లాంటివి వేయొద్దు. కడిగాక డబ్బా, ప్యాకెట్ వెంట తీసుకుని ఆస్పత్రికి వెళ్లాలి. ఏ మందో తెలిస్తే డాక్టర్లకు పని సులువవుతుంది.

జిల్లేడు పాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పూజకు పూలు కోసేటప్పుడో, ముల్లు దిగిన చోట పాలు పిండేటప్పుడో చేతికి అంటి కంట్లో పడతాయి. చిత్రం ఏంటంటే చాలామందికి పెద్దగా నొప్పి అనిపించదు. కొన్ని గంటల తర్వాత చూపు పొగమంచు కమ్మినట్టు మసకబారుతుంది. జిల్లేడు పాలు కార్నియా లోపలి పొర దాకా వెళ్లి వాపు తెస్తాయి. నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా కడిగి, డాక్టర్‌కు చూపించాలి.

కంట్లో గుచ్చుకుంటే?

ముల్లు, పుల్ల, ఇనుప ముక్క, బాణం మొన లోపలికి దిగిందంటే పైన చెప్పినవేవీ వర్తించవు. ఇక్కడ కడగడం కూడా తప్పే.

- గుచ్చుకున్నది పీకొద్దు.
- కంటిని నొక్కొద్దు, నీళ్లు పోయొద్దు, చుక్కలు వేయొద్దు.
- కాగితపు గ్లాసు లాంటిది కంటికి తగలకుండా, చుట్టూ ఎముక మీద ఆనేలా పెట్టి ప్లాస్టర్‌తో అంటించాలి.
- ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి తినడానికి ఏమీ పెట్టకుండా వెంటనే తీసుకెళ్లాలి. 108కు ఫోన్ చేయాలి.
- టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో డాక్టర్‌కు చెప్పాలి.

సుత్తితో ఇనుము మీద కొడుతుంటే "కంట్లో ఏదో టక్కున తగిలింది" అనిపించి, తర్వాత నొప్పి లేకపోయినా నిర్లక్ష్యం చేయొద్దు. సన్నటి ఇనుప ముక్క కంటి లోపలికి దూసుకెళ్లి ఉండొచ్చు. పైన రంధ్రం కంటికి కనిపించనంత చిన్నగా ఉంటుంది.

ఆస్పత్రిలో ఏం చేస్తారు?

ముందుగా చూపు ఎంత ఉందో చూస్తారు. తర్వాత ఫ్లోరెసిన్ అనే నారింజ రంగు మందు అద్దిన చిన్న కాగితాన్ని కంటికి తాకించి నీలి కాంతిలో చూస్తారు. పై పొర ఊడిన చోట రంగు పట్టి ఆకుపచ్చగా మెరుస్తుంది. మామూలు వెలుతురులో కనిపించని గీత కూడా అప్పుడు బయటపడుతుంది. గీతలు నిలువుగా వరుసగా ఉంటే పై రెప్ప కింద నలుసు దాగుందని అర్థం. రెప్పను తిప్పి చూసి దాన్ని తీసేస్తారు.

మామూలు గీతకు యాంటీబయాటిక్ చుక్కలు లేదా ఆయింట్‌మెంట్, కన్ను తడిగా ఉంచే చుక్కలు, నొప్పి మాత్ర ఇస్తారు. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే కంటిపాపను పెద్దది చేసే చుక్క వేస్తారు. దాంతో ఒకట్రెండు రోజులు దగ్గరివి మసకగా కనిపిస్తాయి. అది మందు ప్రభావం, భయపడక్కర్లేదు.

"రేపు మళ్లీ రండి" అని డాక్టర్ చెబితే తప్పకుండా వెళ్లాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది, ఫంగస్ మీద కాదు. గీత మానుతోందా, పుండు మొదలవుతోందా అన్నది మర్నాటి పరీక్షలోనే తేలుతుంది. షుగర్ ఉన్న వాళ్లకు గాయం నెమ్మదిగా మానుతుంది కాబట్టి వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో విషయం. గోరు, ఆకు గీసుకున్న కన్ను పూర్తిగా మానిన కొన్ని వారాలకు, ఒక్కోసారి నెలలకు, పొద్దున నిద్ర లేవగానే మళ్లీ చురుక్కుమంటుంది. కొత్తగా పుట్టిన పొర కిందికి గట్టిగా అతుక్కోకపోవడం వల్ల రెప్ప తెరిచినప్పుడు ఊడి వస్తుంది. అప్పుడు మళ్లీ చూపించుకోవాలి. రాత్రిపూట వాడే ఆయింట్‌మెంట్‌తో చాలామందికి తగ్గిపోతుంది.

పుండు పడితే చికిత్స ఎంత కష్టం?

నల్లగుడ్డు మీద తెల్లటి లేదా బూడిదరంగు చుక్క, పెరుగుతున్న నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, పుసి, తగ్గుతున్న చూపు.. ఇవి పుండు లక్షణాలు. వీటిలో ఏది కనిపించినా నేరుగా కంటి ఆస్పత్రికే వెళ్లాలి.

అక్కడ పుండు మీద నుంచి కాస్త గీరి మైక్రోస్కోప్ కింద చూస్తారు. బ్యాక్టీరియానా, ఫంగసా అన్నది తేలితేనే సరైన మందు ఇవ్వగలరు. ఫంగస్ అయితే నాటమైసిన్ చుక్కలు మొదటి మందు. మన దేశంలోనే మదురైలోని అరవింద్ కంటి ఆస్పత్రి కేంద్రంగా జరిగి 2013లో ఫలితాలొచ్చిన పెద్ద అధ్యయనంలో, ఖరీదైన వోరికొనజోల్ చుక్కల కంటే నాటమైసినే మెరుగని తేలింది.

మొదట్లో ఈ చుక్కలు మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి వేయాలి. చికిత్స వారాలు, ఒక్కోసారి నెలలు సాగుతుంది. కూలికి పోయే మనిషి, తోడుగా ఉండే మనిషి ఇద్దరి పనీ ఆగిపోతుంది. తొలిరోజు ఆయింట్‌మెంట్ ట్యూబుతో పోయేది ఇంత దూరం వస్తుంది.

మందుకు లొంగకపోతే, మచ్చ మిగిలిపోతే కార్నియా మార్పిడి చేయాల్సి వస్తుంది. దానికి ఎవరో ఒకరు చనిపోయాక కళ్లు దానం చేసి ఉండాలి. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో ఇప్పటిదాకా 50 వేలకు పైగా కార్నియా మార్పిడులు జరిగాయి. రసాయనాలతో కాలిన కళ్లకు, ఆరోగ్యంగా ఉన్న రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి మూలకణాలను నాటే తేలికైన పద్ధతిని డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ఇక్కడే రూపొందించి 2012లో ప్రచురించింది. సున్నం పడి చూపు పోయిన కళ్లకు ఇది వరమైంది. ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీలతో కలిసి త్రీడీ ప్రింటింగ్‌తో కార్నియాను తయారుచేసే ప్రయోగం గురించి 2022లో ఇదే ఆస్పత్రి ప్రకటించింది. అయితే అది ఇంకా పరిశోధన దశ సంగతి. ఇవాళ గంగారంలో గీత పడ్డ కంటికి కావాల్సింది మాత్రం 18 గంటల్లోపు ఓ ఆయింట్‌మెంట్.

గంగారం వాసులు ఎక్కడికి వెళ్లాలి?

మామూలు నలుసు, గీత అనుమానం అయితే అదే రోజు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. ఆశా కార్యకర్తకు చెబితే దారి చూపిస్తారు. చూపు తగ్గినా, నలుసు అతుక్కుపోయినా, రసాయనం పడినా, తెల్ల చుక్క కనిపించినా అక్కడ ఆగకుండా పెద్దాస్పత్రికి వెళ్లాలి. 2022లో మెడికల్ కాలేజీ మొదలైన మహబూబాబాద్‌లో ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి ఉంది. నర్సంపేట మీదుగా వెళ్తే వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది. ఇంకా పై స్థాయి చికిత్స కావాలంటే హైదరాబాద్ మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి, బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ ఆస్పత్రి ఉన్నాయి.

కంటి క్యాంపు వస్తుందని మాత్రం ఎదురుచూడొద్దు. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు లాంటి కార్యక్రమాలు అద్దాలు, శుక్లాల విషయంలో ఎంతో మందికి ఉపయోగపడ్డాయి. కానీ గాయమైన కన్ను క్యాంపు తేదీ దాకా ఆగదు.

గాయమే కాకుండా ఉండాలంటే..

- కోతలు, నూర్పిడి, కట్టెలు కొట్టడం, మందు పిచికారీ, గ్రైండింగ్.. వీటన్నిటికీ పక్కలు కూడా మూసి ఉండే ప్లాస్టిక్ కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఇవి పెద్ద ఖరీదేం కాదు. హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి.
- వెల్డింగ్‌కు మామూలు చలువ అద్దాలు పనికిరావు. వెల్డింగ్ షీల్డే వాడాలి.
- పిచికారీ చేసేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడొద్దు.
- మిర్చి పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగే దాకా ముఖం ముట్టుకోవద్దు.
- అడవి బాటలో ముందు వాళ్లకు కాస్త దూరంగా నడవాలి. కొమ్మను ఒక్కసారిగా వదిలేయొద్దు.
- బైక్ మీద హెల్మెట్ అద్దం దించుకోవాలి.
- సున్నం ప్యాకెట్లు పిల్లలకు అందకుండా పైన పెట్టాలి.
- పొలానికి వెళ్లేటప్పుడు తాగే నీళ్ల సీసాతో పాటు ఇంకో శుభ్రమైన నీళ్ల సీసా ఉంచుకోవాలి. కంట్లో ఏదైనా పడితే మొదట అక్కరకొచ్చేది అదే.

నాట్ల కాలంలో ఒక పూట కూలి పోతుందని ఆస్పత్రి ప్రయాణం వాయిదా వేసుకోవడం ఏజెన్సీలో అందరికీ తెలిసిన కష్టమే. ఆ ఒక్క పూట పోతే మర్నాడు మళ్లీ పనికి వెళ్లొచ్చు. పుండు పడితే సీజన్ మొత్తం పోతుంది, ఒక్కోసారి కన్నే పోతుంది. అందుకే ఈసారి ఇంట్లో ఎవరైనా "కంట్లో ఏదో పడింది" అంటే, ముందు టైమ్ ఎంతయిందో చూసుకోండి. సాయంత్రానికి గరగర తగ్గలేదంటే, రాత్రికి కన్ను తెరవలేకపోతుంటే, తెల్లారగానే మొదటి బండికి బయల్దేరాల్సిందే.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. కంటికి గాయమైనప్పుడు సొంత వైద్యం చేసుకోకుండా డాక్టర్‌ను సంప్రదించండి.